పాప బ్యాటు బాగుచేసిన కొర్లగుంట కొట్టు

తిరుపతిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ క్రికెట్ ఆడే పిల్లలున్న ఇళ్లవాళ్లు చదవాలని ఇది రాస్తున్నాను. బ్యాటు పగిలిందని కొత్తది కొనడానికి పోకముందు ఒకసారి తిరుపతిలోనే ఉన్న కొర్లగుంటకు తీసుకెళ్లి చూపించండి. అక్కడ ఒక సందులో చిన్న రిపేరు కొట్టు ఉంది. బోర్డు లేదు. షట్టరు పక్కన గోడకు, హ్యాండిల్ ఊడిపోయిన పాత బ్యాటు ఒకటి మేకుకు వేలాడుతుంటుంది. అదే గుర్తు.

నేను ఒక దినపత్రిక తిరుపతి ఎడిషన్‌లో స్పోర్ట్స్ పేజీ చూస్తాను. సాయంత్రం ఐదుకు డ్యూటీ ఎక్కితే మ్యాచ్ లేని రోజు పన్నెండుకు, ఉన్న రోజు ఒంటి గంట దాటాక ఆఫీసు బండిలో ఇంటికి చేరతాను. మండలాల నుంచి కంట్రిబ్యూటర్లు, అంటే ఊళ్లలో ఉండి వార్తలు పంపేవాళ్లు, వాట్సాప్‌లో పంపే స్కోర్లు సరిచూడటం, ఆడిన పిల్లల పేర్లు తప్పు పడకుండా చూసుకోవడం, రాత్రి మ్యాచ్ అయిపోగానే పేజీ కట్టి అచ్చు ప్లేటుకు పంపడం నా పని. ఇన్నేళ్లలో బ్యాట్ అనే మాట ఎన్ని వేలసార్లు కొట్టానో లెక్కలేదు. ఒక బ్యాటును విప్పి, లోపల ఎలా ఉంటుందో చూసింది మాత్రం ఈ కొట్టులోనే.

2025 నవంబరు 2 రాత్రి మా డెస్కులో ఎవరూ మర్చిపోరు. నవీ ముంబయిలో మహిళల వన్డే ప్రపంచకప్ ఫైనల్. మధ్యాహ్నం మూడుకు మొదలవ్వాల్సిన ఆట వాన వల్ల ఐదుకు మొదలైంది. మనవాళ్లు 298 చేశారు. దక్షిణాఫ్రికా కెప్టెన్ వోల్వార్ట్ సెంచరీ కొట్టి క్రీజులో ఉన్నంతసేపూ నా దగ్గర రెండు హెడ్డింగులు సిద్ధంగా ఉన్నాయి, ఒకటి గెలిస్తే, ఇంకొకటి ఓడితే. ఆ రెండోదాన్ని చూడటానికే మనసు ఒప్పలేదు. దీప్తి శర్మ ఐదు వికెట్లు తీసి, 52 పరుగుల తేడాతో కప్పు మనదయ్యేసరికి అర్ధరాత్రి. పక్కనున్న కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఆ జట్టులో ఉంది, టోర్నీలో 14 వికెట్లు తీసింది. ఆమె ఫొటోను మూడు కాలమ్‌ల నుంచి ఐదు కాలమ్‌లకు పెంచి పేజీ వదిలాం. తెల్లారి పన్నెండేళ్ల మా పాప ఆ పేజీ కత్తిరించి బీరువా తలుపుకు అతికించుకుంది. అప్పటిదాకా అపార్ట్‌మెంట్ కింద టెన్నిస్ బంతితో ఆడే పిల్ల, 'అమ్మా, నాకు లెదర్ బాల్ బ్యాటు కావాలి' అంది.

ఆ వారమే ఊళ్లో ఒక పెద్ద స్పోర్ట్స్ షాపులో ఆరు వేలు పెట్టి ఇంగ్లీష్ విల్లో చెక్కతో చేసిన బ్యాటు కొన్నాను. పాపకు ఐదో నంబరు సైజు సరిపోతుంది. 'పెరిగే పిల్ల కదా మేడం, ఆరు తీసుకోండి, రెండేళ్లు వస్తుంది' అన్నారు. నాకూ సబబుగానే అనిపించింది. నాకింగ్, అంటే చెక్క సుత్తితో కొట్టి బ్యాటు ముఖాన్ని గట్టిపరచడం, ముందే చేసి ఉందని, నేరుగా ఆడుకోవచ్చని చెప్పారు. నమ్మాను. నవంబరు అంటే మనకు వానలు. యూనివర్సిటీ వైపు మైదానంలో పొద్దున్నే గడ్డి తడిగా ఉంటుంది, పాప బ్యాటింగుకు నిలబడి బ్యాటు నేలకు తాటించినప్పుడల్లా కింది అంచు తడిలోనే. మూడు వారాలు తిరక్కుండానే కాళ్ల దగ్గర పడే యార్కర్ బంతి ఒకటి బ్యాటు కింది కొసకు తగిలి, టో అనే ఆ కొస మధ్యలో నుంచి నాలుగు వేళ్ల పొడుగున చీలిక వచ్చింది. పాప ఏడవలేదు. బ్యాటును కవర్లో పెట్టి జిప్పు లాగి, మూలన నిలబెట్టి వెళ్లిపోయింది. ఏడ్చినా అంత బాధ ఉండేది కాదు నాకు. షాపుకు తీసుకెళ్తే, వాడిన బ్యాటుకు గ్యారంటీ ఉండదు మేడం అన్నారు. అంతే, ఇంకో మాట లేదు.

చంద్రగిరి కంట్రిబ్యూటర్ ఒకరోజు ఆఫీసుకు వచ్చినప్పుడు ఈ మాట చెబితే, కొర్లగుంట కొట్టు సంగతి చెప్పారు. వాళ్ల ఊరి జట్టు బ్యాట్లన్నీ అక్కడికే వస్తాయట.

కొట్టు పది అడుగుల వెడల్పు ఉండదేమో. లోపల ఒక లేత్, ఒక బల్ల, గోడలకు దారపు ఉండలు, గ్రిప్పుల కట్టలు. చెక్కపొడి వాసన, దాంతో కలిసి అవిసె నూనె వాసన. మేస్త్రికి యాభై అయిదేళ్లుంటాయి. మొదట తలుపులు, కిటికీలు చేసే వడ్రంగి. తరువాత మీరట్ వెళ్లి బ్యాట్ల ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్లు పనిచేసి వచ్చానని చెప్పారు. 2021 నవంబరులో తిరుపతి మునిగినప్పుడు కొట్టులోకి నీళ్లొచ్చి, బాగుచేయడానికి వచ్చిన బ్యాట్లు చాలా తడిశాయట. అప్పటి నుంచి ఏ బ్యాటునూ నేలమీద పెట్టరు. నడుమెత్తు బల్ల మీదే అన్నీ.

నేను చీలిక చూపించబోతే ఆయన దాన్ని చూడనే లేదు. ముందు పాపను నిలబడమన్నారు.

'పాపా, బ్యాటు పట్టుకో. రెండు చేతుల్తో కాదు, పైచేత్తో ఒక్కదాంతోనే ముందుకు చాపు.'

పాప చాపింది. మూడు లెక్కపెట్టేలోపు బ్యాటు కొస కిందికి వాలిపోయింది.

'అక్కా, ఇంత పెద్దది ఎవురు తీసిచ్చినారు పాపకు?'

నేనే అని చెప్పాను. ఆయన నన్నేమీ అనలేదు. బ్యాటును పాప కాలి పక్కన నిలబెట్టి చూపించారు. హ్యాండిల్ పైకొస తుంటి దగ్గర ఆగాల్సింది, దానికంటే బాగా పైన ఉంది. పెద్ద బ్యాటు పట్టిన పిల్లలు కిందిచేత్తో ఎత్తడం అలవాటు చేసుకుంటారు, అప్పుడు షాట్లన్నీ అడ్డంగా పోతాయి, తరువాత ఏ కోచ్ చెప్పినా ఆ అలవాటు పోదు అన్నారు. సచిన్ మూడు పౌండ్లకు మించిన బ్యాటుతో ఆడాడని నేను ఎన్నోసార్లు రాశాను. ఆ బరువు చూసి పిల్లలకు పెద్ద బ్యాట్లు కొనేవాళ్లు ఎంతమందో ఆ కొట్టులో కూర్చుంటే తెలుస్తుంది.

తరువాత చెక్క సుత్తి తీసుకుని బ్యాటు ముఖం మీద పైనుంచి కిందికి మెల్లగా కొడుతూ, చెవి దగ్గరగా పెట్టి విన్నారు. పైన టక్ టక్ మని గట్టిగా పలికింది. చీలికకు ఇంకా జానెడు పైనుండగానే ఆ శబ్దం మారింది, మెత్తగా, నీళ్లు తాగిన మట్టిని కొట్టినట్టు. నన్ను కూడా వినమన్నారు. విన్నాను. తేడా స్పష్టంగా తెలిసింది.

'కంటికి కనపడేది నాలుగు వేళ్లే అక్కా. లోపల తడి ఇక్కడి దాకా ఎక్కిండాది. తడి మింద జిగురు పట్టదు. ముందు ఆరాల. ఎండలో పెట్టొద్దు, నీడనే ఆరాల.'

విల్లో చెక్కలో పోగులు పైనుంచి కిందికి సన్నని గొట్టాల్లా ఉంటాయి. బ్యాటు ముఖం మీద ఆ గొట్టాల పక్కలు కనిపిస్తాయి కాబట్టి నీళ్లు అంత సులువుగా లోపలికి పోవు. టో దగ్గర మాత్రం కోసిన కొసలు, అంటే వాటి నోళ్లన్నీ తెరుచుకుని ఉంటాయి. తడి గడ్డి మీద పెడితే దీపంలో వత్తి నూనె పీల్చినట్టు నీళ్లు పైకి పీల్చుకుంటుంది. పీల్చిన చోట చెక్క ఉబ్బుతుంది, ఆరినప్పుడు ముడుచుకుంటుంది. అలా నాలుగుసార్లు జరిగాక ఒక్క యార్కర్ చాలు. మన బ్యాటుకు కింది కొసను కాపాడే టో గార్డు లేదు, అవిసె నూనె పట్టించిన జాడ లేదు, నాకింగ్ కూడా సరిగా చేయలేదని గోటితో ముఖాన్ని నొక్కి చూపించారు. గోటి గుర్తు పడింది. సరిగా కొట్టిన బ్యాటుకు అంత తేలిగ్గా పడదట. ఫ్యాక్టరీలో యంత్రంతో నొక్కినా, చెక్క సుత్తితో గంటల తరబడి కొట్టి పోగుల్ని ఇంకా దగ్గరకు చేర్చాకే లెదర్ బంతికి దింపాలి. నాలుగైదు గంటలు తగ్గకూడదు, అదీ ఒక్క రోజులో కాదు.

ఆరో రోజు ఫోన్ చేశారు, జిగురు పోసేది చూడాలంటే రేపు పదకొండుకు రమ్మని. నైట్ డ్యూటీ వాళ్లకు పదకొండు అంటే తెల్లారినట్టు. అయినా వెళ్లాను, బడికి సెలవు కాబట్టి పాపను కూడా తీసుకెళ్లాను. బ్యాటును తలకిందులుగా పెట్టి, చీలికలోకి సన్నని చెక్క చీలను కొంచెం దింపి నోరు తెరిచారు. సిరంజితో పల్చని చెక్క జిగురు ఎక్కించారు. అంతటితో ఆగలేదు. ఒక నూలు దారాన్ని చీలికలో వేసి, అటొక కొస ఇటొక కొస పట్టుకుని, పళ్లు తోముకున్నట్టు ముందుకూ వెనక్కీ లాగుతూ, జిగురు చీలిక చివరిదాకా పాకేటట్టు చేశారు. దారం తెగకుండా, చెక్క ఇంకా విడిపోకుండా, పావుగంట అదే పని. పాప ఊపిరి బిగబట్టి చూస్తోంది. చీల తీసేసి, రెండు పక్కలా చెక్క ముక్కలు పెట్టి క్లాంపు బిగించారు. బిగించేకొద్దీ చీలిక పొడుగునా జిగురు చిన్న చిన్న పూసల్లా బయటికొచ్చింది. 'అన్ని చోట్లా వచ్చిందంటే లోపల ఖాళీ లేదని అర్థం' అని పాపకు చూపించారు. క్లాంపు ఒక రోజంతా అలాగే. మరుసటి రోజు టో పక్క నుంచి అడ్డంగా సన్నని రంధ్రం చేసి, వెదురు పుల్లకు జిగురు రాసి దింపారట, చీలిక మళ్లీ తెరుచుకోకుండా. ఆ పైన గరుకు కాగితం పట్టి, లేత్ మీద తిప్పుతూ దారం చుట్టి, టో గార్డు అతికించారు.

హ్యాండిల్ పైన ముప్పావు అంగుళం కోసి గ్రిప్పు కొత్తది వేశారు. బ్లేడు పొడుగు తగ్గించలేం, హ్యాండిల్ కొంచెం తగ్గిస్తే పాప చేతికి వస్తుందన్నారు. ఊడిన ఒక హ్యాండిల్ తెచ్చి, అది ఒకే కర్ర కాదని, బెత్తం ముక్కలు కొన్ని కలిపి మధ్యలో రబ్బరు పలకలు పెట్టి అతికించిందని చూపించారు. బంతి తగిలిన అదురు చేతికి ఎక్కకుండా ఆపేది ఆ బెత్తమూ రబ్బరే. బ్లేడులో వి ఆకారంలో కోసి దాన్ని దించుతారు. 'బ్యాట్ హ్యాండిల్ విరిగింది' అని నేను రాసిన వార్తల్లో సగం, హ్యాండిల్ విరిగినవి కాదు, ఈ వి దగ్గర జిగురు వదిలినవి అయ్యుంటాయి. రెండింటికీ రిపేరు వేరు, ఖర్చు వేరు.

బల్ల మీద ప్లైవుడ్‌తో చేసిన ఒక చట్రం కనిపించింది. మధ్యలో బ్యాటు ఆకారంలో ఖాళీ. చూడగానే గుర్తుపట్టాను. 2025 ఏప్రిల్‌లో ఐపీఎల్ అంపైర్లు మైదానంలోనే గేజ్ అనే ఇలాంటి కొలత చట్రం పెట్టి బ్యాట్లు కొలవడం మొదలుపెట్టినప్పుడు ఆ ఫొటో నేనే పేజీలో పెట్టాను. పంజాబ్ కేవలం 111 చేసి కోల్‌కతాను 95కే కూల్చిన రాత్రి, కోల్‌కతా ఆటగాళ్లు నరైన్, నోర్కియాల బ్యాట్లు ఆ గేజ్‌లో పట్టలేదు. బ్యాటు వెడల్పు 10.8 సెంటీమీటర్లు, మందం 6.7, అంచు 4 సెంటీమీటర్లు దాటకూడదు. మందం, అంచుల మీద హద్దు 2017 అక్టోబరు నుంచే వచ్చింది. ఆ కొలతలతో ఈయన సొంతంగా చట్రం చేసుకున్నారు. దారం చుట్టి, టేపు వేసి, పైన ఇంకో పొర అతికించి ఇచ్చే రిపేర్ల వల్ల బ్యాటు హద్దు దాటిందంటే పెద్ద మ్యాచ్‌లో పిల్లవాడు నష్టపోతాడని, ఇచ్చే ముందు ప్రతి బ్యాటునూ అందులో దూర్చి చూస్తారు. కుర్రాళ్లు ఆడే టెన్నిస్ బంతి బ్యాటుకు కూడా చూస్తారా అని అడిగితే, 'దానికి ఎవురూ కొలవరు లెండి' అని నవ్వారు, అయినా దూర్చి చూసే ఇచ్చారు.

నేను ఈ కొట్టును మెచ్చుకోవడానికి అసలు కారణం ఆ రోజే ఎదురైంది. పుత్తూరు నుంచి బస్సులో ఒక కుర్రాడు కాశ్మీర్ విల్లో బ్యాటు పట్టుకొచ్చాడు. హ్యాండిల్ నిజంగానే విరిగింది, బ్లేడు వెనక కూడా వెంట్రుకవాసి చీలిక. మార్చమన్నాడు, డబ్బు తీసి చేతిలో పట్టుకునే ఉన్నాడు. మేస్త్రి బ్యాటును రెండు నిమిషాలు తిప్పి చూసి వెనక్కిచ్చేశారు.

'దీనికి తొమ్మిదొందలు పెట్టొద్దు నాయనా. హ్యాండిల్ మారిస్తే ఈ చీలిక నెలలో పైకొస్తాది. ఇంకో వెయ్యి ఏసుకుంటే కొత్తదే వస్తాది.'

కుర్రాడు పాత గ్రిప్పు మాత్రం తీసిమ్మన్నాడు. తీసిచ్చి, దానికి పైసా తీసుకోలేదు. పుత్తూరు నుంచి వచ్చిన బస్సు చార్జీ వృథా పోయిందని ఆయనకే బాధ. ఈసారి ఫొటో పంపు, చూసి చెబుతాను అని నంబరు ఇచ్చారు. ఆరు వేల బ్యాటు అమ్మినచోట నాకు దక్కని మాట, తొమ్మిది వందలు వదులుకుంటూ ఈయన ఆ పిల్లాడికి చెప్పారు. అక్కడ నిలబడి ఉన్న నాకు గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. నాలుగు రోజుల్లో ఇస్తానన్న బ్యాటు తొమ్మిదో రోజుకు చేతికొచ్చింది. తడి ఆరడానికి రెండు మూడు రోజులు ఎక్కువ పట్టిందంటే ఒప్పుకుంటాను, మిగతాది మాత్రం పని ఎక్కువై వాయిదా పడిందే. మధ్యలో రెండుసార్లు ఫోన్ ఎత్తలేదు. మ్యాచ్ ఉన్న పిల్లలు ఈ టెన్షన్ పడలేరు, కాబట్టి కనీసం రెండు వారాల ముందు ఇవ్వండి. రసీదు ఇవ్వరు, బ్యాటు మీద సుద్దముక్కతో పేరు రాస్తారు, అంతే. కూర్చోవడానికి ఒకే స్టూలు. ఆదివారం పొద్దున సందంతా కుర్రాళ్లే, లోపలికి పోవడానికే అరగంట. వారం మధ్యలో పదకొండు గంటలప్పుడు వెళితే నిదానంగా మాట్లాడతారు. బండి లోపలికి పోదు, మెయిన్ రోడ్డు మీదే ఆపి నడవాలి.

మాకు మొత్తం 780 రూపాయలైంది. చీలికకు 350, నాకింగ్, నూనె కలిపి 250, టో గార్డుకు 80, గ్రిప్పుకు 100. హ్యాండిల్ కోసినదానికి తీసుకోలేదు. ఫోన్‌పే ఉంది. ప్యాడ్లు, గ్లవ్స్ ముట్టుకోరు, చెక్క పని మాత్రమే.

సంక్రాంతి అయినప్పటి నుంచి పాప ఆ బ్యాటుతోనే వారానికి నాలుగు రోజులు నెట్స్ ఆడుతోంది. చీలిక దగ్గర ఇప్పటికి ఏ మార్పూ లేదు. ఆయన నేర్పినట్టు ఆదివారం ప్రాక్టీసు నుంచి రాగానే పొడిగుడ్డతో టో తుడిచి, చెక్క సుత్తితో పైనుంచి కిందికి కొట్టి, చెవి ఆనించి వింటుంది. నెలకొకసారి అవిసె నూనె, రెండు చుక్కలు, వేలితో. ముఖానికీ అంచులకూ టోకూ మాత్రమే. హ్యాండిల్ దిగిన వి దగ్గర నూనె పడితే జిగురు వదులుతుందని ఆయన రెండుసార్లు చెప్పారు. రాసిన రాత్రి నిలబెట్టకుండా పడుకోబెట్టాలి. పచ్చి అవిసె నూనె కిరాణా కొట్టులో అడిగితే దొరక్కపోతే ఆయన దగ్గరే చిన్న సీసా 60 రూపాయలు.

కొట్టు పొద్దున పదిన్నరకు తెరిచి రాత్రి ఎనిమిది దాకా ఉంటుంది, మంగళవారం సెలవు. తడిసిన బ్యాటును ప్లాస్టిక్ కవర్లో చుట్టి మాత్రం తీసుకెళ్లకండి. గుడ్డలో చుట్టి, టో పైకి ఉండేలా పట్టుకెళ్లండి. ఆడే బిడ్డను కూడా వెంటబెట్టుకుని వెళ్లండి, ఆయన ముందు చూసేది ఆ బిడ్డనే.